ఎకరా అమ్మి కట్టే ఫీజు కాదిది

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ. తన తమ్ముడికి ఎత్తు కోసం గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు మొదలైనప్పటి నుంచి, ఆ హార్మోన్ విడుదలను నడిపే జన్యువులను మెదడు కణాలు ఎలా అదుపు చేస్తాయో పరిశోధిస్తానంటోంది. నీట్ వద్దంటోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ‘ఏఐ, జీనోమిక్స్’ (జన్యువులన్నిటినీ కలిపి చదివే శాస్త్రం) బీటెక్‌కు ఏడాదికి నాలుగు లక్షలు. ఎకరా అమ్మైనా కడతాను. అది మేలా, బీఎస్సీ మేలా? బీఎస్సీతో అన్నం పుడుతుందా?

జవాబు: మీరు కోర్సు గురించి అడిగారు గానీ, పాతికేళ్లు దాటినా పాప మీ చేతికిందే ఉండిపోతుందేమోనన్నది అసలు భయం. ఉండదు. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 ఫెలోషిప్ వస్తుంది. దారి పొడుగే, డిగ్రీ నుంచి లెక్కేస్తే పదేళ్లు. కానీ సగం దూరం పోయేసరికి తన ఖర్చు తనే చూసుకుంటుంది.

పాప పట్టుకున్న ప్రశ్న గట్టిది. మెదడు అడుగున హైపోథాలమస్‌లో కొన్ని కణాలు జీహెచ్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ తయారుచేసి గ్రోత్ హార్మోన్‌ను వదలమని పిట్యుటరీ గ్రంథికి చెబుతాయి. దగ్గర్లోనే ఇంకొన్ని కణాలు సొమాటోస్టాటిన్ అనే ఇంకో హార్మోన్‌తో ఆపమంటాయి. శరీరంలో దాదాపు ఏ కణం తీసుకున్నా ఉండేవి అవే జన్యువులు. మరి జీహెచ్‌ఆర్‌హెచ్ జన్యువు ప్రధానంగా ఆ గుప్పెడు కణాల్లోనే ఎందుకు మేలుకుంటుంది? జీఎస్‌ఎక్స్1 అనే ప్రోటీన్ లేని చిట్టెలుకల్లో అది మేలుకోదు, పిల్లలు మరుగుజ్జులుగా మిగులుతాయి. గ్రోత్ హార్మోన్ రక్తంలోకి అలలుగా వస్తుంది. అందుకే ఒక్కసారి రక్తం తీసి కొలిస్తే ఏమీ తేలదు. బాబుకు ఆ హార్మోన్‌ను ఎగదోసే మందిచ్చి, గంటల తరబడి మళ్లీ మళ్లీ రక్తం తీసి ఉంటే కారణం అదే.

ఇక ఆ బీటెక్. నాకు దాని మీద నమ్మకం తక్కువ. కంప్యూటరు అక్కర్లేదని కాదు. 2017లో చిట్టెలుక హైపోథాలమస్‌లోని ఆర్క్యుయేట్ ప్రాంతం నుంచి 20,000కు పైగా కణాల్లో ఏ జన్యువులు మేలుకున్నాయో ఒక్కొక్కటిగా చదివి రకాలు విడదీశారు, అది కంప్యూటరు లేకుండా అయ్యే పని కాదు. కానీ ఆ లెక్కకు ముందు చేతిపని ఉంది. మెదడులో ఆ చిన్న ముక్కను కోసేటప్పుడు పక్క భాగం కలిస్తే కావలసిన సంకేతం మునిగిపోతుంది. గ్లవ్స్ మార్చకపోతే చర్మం మీది ఎంజైము ఆర్‌ఎన్‌ఏను (మేలుకున్న జన్యువు రాసే నకలును) ముక్కలు చేస్తుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని అతికించలేదు. ఒక నమూనా పొద్దున, ఇంకొకటి రాత్రి తీస్తే కనిపించిన తేడా మందుదో వేళదో తెలియదు. ఇవి ల్యాబులో చెడగొట్టుకునే నేర్చుకోవాలి. ఆ యూనివర్సిటీకి వెళ్తే, జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే రియల్‌టైమ్ పీసీఆర్ మెషిన్ ఉందా అని అడగొద్దు, చూపిస్తారు. కిందటేడు దానికి వాడే రసాయనాలు (రియేజెంట్లు) ఎంతకు కొన్నారో, ఫైనలియర్ ప్రాజెక్టులు ఎవరు ఎక్కడ చేశారో అడగండి. ‘బయట చేసుకున్నారు’ అంటే లేచి వచ్చేయండి. పైథాన్, ‘ఆర్’ అనే కంప్యూటరు భాషలు డిగ్రీ సెలవుల్లో నేర్చుకోవచ్చు.

ఒక మాట కటువుగానే అంటున్నాను. ఫీజెంతో, ఏం అమ్మాలో రాశారు గానీ, పాపకు ఏ సబ్జెక్టు బలమో ఒక్క ముక్క రాయలేదు. తమ్ముడి జబ్బు చూసి ‘ఎందుకు’ అని అడిగిన పిల్ల ఆమె. పొలం ముట్టుకోకండి. ఎకరా అమ్మి చేర్పిస్తే, రేపు ఆ చదువు నచ్చకపోయినా నోరు తెరిచి చెప్పలేదు.

ముందు తిరుపతి ఐసర్‌కు (సైన్సు చదువు, పరిశోధనల కేంద్ర సంస్థ) ప్రయత్నించనివ్వండి, అది ఉన్న ఏర్పేడు మీకు దూరాభారం కాదు. చిక్కల్లా దాని ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలకు 15 లెక్కలవే, బైపీసీ పిల్లలు తడబడేది అక్కడే. ఇంటర్ లెక్కల పుస్తకాలు ఇప్పుడే తెచ్చి రోజుకు గంట కూర్చోబెట్టండి. సీటు రాకపోతే ల్యాబు నిజంగా నడిచే కాలేజీలో కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీలో చేర్చండి. ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, గాట్-బీ (బయోటెక్నాలజీకి) ప్రవేశ పరీక్షలు రాయొచ్చు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి చోట్లకు దారి అప్పుడూ తెరిచే ఉంటుంది. ఈ వారం మాత్రం ఆ బీటెక్‌కు అడ్వాన్స్ కట్టకండి.