సంతానం కోసం పసరు మందు తాగవచ్చా?

పెళ్లయి మూడేళ్లయినా కడుపు పండలేదని, అత్తగారు ఊరి నుంచి తెప్పించిన పసరును నెలసరి ఐదో రోజు పరగడుపున తాగమంటున్నారని రాశారు. అందులో ఏముందో తెలియకపోతే తాగకండి. పేరు తెలిసిన మూలికయినా సరే, మీ దంపతులిద్దరికీ పరీక్షలు అయి, లోపం ఎక్కడుందో తేలాకే దాని సంగతి చూడండి. చెట్ల మందులను తీసిపారేసే మనిషిని కాను. మా అమ్మమ్మ నల్లమల అంచున ఒక పల్లెలో ఆడవాళ్లకు మందు ఇచ్చేది. నేను ఆమె చేతి కింద పెరిగాను.

ఆమె ఎక్కువగా వాడింది పిల్లిపీచర, అంటే శతావరి. తవ్వి తెచ్చిన దుంపల గుత్తిని కడిగి, పైతోలు ఒలిచి, ఒక్కో దుంపనూ నిలువునా చీల్చి నడిమి ఈనెను లాగేసేది. నీడన ఆరబెట్టి, దంచి, వస్త్రగాళితం పట్టి (అంటే పలుచని గుడ్డలో జల్లించి) ఆవుపాలలో కలిపి ఇచ్చేది. బాలింతలకు పాలు పడాలన్నా, మనిషి నీరసించినా అదే మందు. అయితే ‘ఇది తాగితే నెల తప్పుతావు’ అని ఆమె ఎవరికీ మాట ఇవ్వలేదు. శతావరితో గర్భం నిలుస్తుందని తేల్చి చెప్పేంత పెద్ద పరిశోధనలు ఇప్పటికీ మనుషుల మీద జరగలేదు.

రెండోది అశోక పట్ట. దీన్ని అధిక రక్తస్రావానికి ఇస్తారు, సంతానానికి కాదు. పైగా అశోక పేరుతో నరమామిడి పట్ట అమ్మడం ఎప్పటినుంచో ఉన్న మోసం. రోడ్ల పక్కన నిటారుగా పెరిగి, ఆకు అంచులు అలలుగా ఉండేది నరమామిడి. అసలు అశోకకు నారింజ, ఎరుపు రంగు పూలు కొమ్మల మీదే గుత్తులుగా పూస్తాయి. పొడి కొట్టాక ఏది ఏదో మీరూ నేనూ గుర్తుపట్టలేం. అశోకారిష్టం వంటి అరిష్టాలలో, అంటే పులియబెట్టి చేసే ద్రవ మందుల్లో, పులియడం వల్ల పుట్టిన ఆల్కహాలు కూడా ఉంటుంది. సీసా మీద ఆ మాట రాసే ఉంటుంది, చూడండి. గర్భం కోసం ఎదురుచూసేవారికి అది మంచిది కాదు.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే ఉంది. మన పెరట్లో గర్భాన్ని అడ్డుకునే మొక్కలూ ఉన్నాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో మందార పూల సారం పిండాన్ని గర్భాశయంలో కుదురుకోనివ్వలేదు. వేపనూనె వీర్యకణాలను చంపుతుంది. ఢిల్లీలో శాస్త్రవేత్త డాక్టర్ జి.పి. తల్వార్ బృందం వేప నుంచి గర్భనిరోధక మందు తయారుచేయడానికే ఏళ్ల తరబడి పనిచేసింది. గురివింద గింజనూ పల్లెల్లో గర్భం రాకుండా వాడేవారు. దాన్ని నమిలి మింగితే ప్రాణానికే ముప్పు. ‘ఆడవాళ్ల మందు’ అని ఒకే మాటతో ఇచ్చే పొట్లంలో ఇలాంటిది కలిస్తే మీరు కోరుకున్నదానికి సరిగ్గా ఎదురు జరుగుతుంది.

నా సంగతికి వస్తే, నాకు పీసీఓఎస్‌ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య)తో పాటు థైరాయిడ్ లోపం కూడా ఉందని పరీక్షల్లో తెలిసింది. థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ, బరువు కొంత తగ్గి, అండం విడుదలకు లెట్రోజోల్ వాడాక గర్భం నిలిచింది. అప్పుడు అశ్వగంధ వాడమని చాలామంది చెప్పారు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు, కొందరిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలూ ఉన్నాయి, గర్భిణులకు అసలే పనికిరాదు. అందుకే ముట్టుకోలేదు. శతావరి వాడుతున్నానని నా డాక్టరుకు చెప్పాను, ఆమె ఆపమన్న రోజే ఆపేశాను.

మా ఆడపడుచు కథ ఇంకో తీరు. ఊరూరా తిరిగి ఆమెకు పసర్లు పోయించారు, పథ్యాలు చేయించారు. చివరికి రంగు మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేలో అండవాహికలు రెండూ మూసుకుపోయి ఉన్నాయి. కారణం ఎప్పుడో వచ్చిన గర్భాశయ క్షయ. మన దేశంలో ఇది అరుదేమీ కాదు. మూసుకుపోయిన నాళాన్ని ఏ వేరూ, ఏ లేహ్యమూ తెరవలేవు. ఆ పసర్ల మధ్య పోయిన ఏళ్లు తలచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆమె వయసు ఆగలేదు కదా!

మీవారికి వీర్య పరీక్ష అయిందో లేదో మీరు రాయలేదు. సంతానం లేని జంటల్లో సగానికి సగం చోట్ల మగవారి లోపం కూడా ఉంటుంది. మందు మాత్రం ఆడమనిషి నోట్లోనే పోస్తారు. ముందు ఆ పరీక్ష చేయించండి, చవకైనది, సులువైనది. మీకు థైరాయిడ్, చక్కెర, స్కానింగ్, అవసరమైతే నాళాల పరీక్ష. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, ముప్పై అయిదు దాటినవారైతే ఆరు నెలలకే, డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మీకు మూడేళ్లయింది, ఇంక ఆగవద్దు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చా అని అడగండి.

ఆయుర్వేదమే కావాలనుకుంటే విజయవాడ, హైదరాబాద్ ఎర్రగడ్డలలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రులు ఉన్నాయి. రిపోర్టులన్నీ తీసుకుని అక్కడికి వెళ్లండి. భస్మాలు, అంటే లోహాలూ ఖనిజాలూ కాల్చి చేసిన పొడులు, కలిసిన మాత్రలు ఎవరు పడితే వారిస్తే తీసుకోవద్దు. భారతదేశం నుంచి తెచ్చిన ఇలాంటి మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు 2011–12లో న్యూయార్క్ ఆరోగ్య అధికారులు గుర్తించారు. ‘గ్యారంటీగా సంతానం’ అన్న ప్రకటన కనిపిస్తే అక్కడే ఆగిపోండి. స్త్రీల వంధ్యత్వానికి మందు ఉందని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది.

అత్తగారితో గొడవ పడకండి, ఆమెదీ ఆశే. ‘అత్తయ్యా, ఇందులో ఏ ఆకు, ఏ వేరు ఉన్నాయో అడిగి చెప్పండి, డాక్టరుకు చూపించి తాగుతాను’ అనండి. మందు ఇచ్చినాయన అందులో ఏముందో చెప్పనంటే, ఆమెకు కూడా అది తాగించాలనిపించదు.