కొత్తగా దీక్ష తీసుకున్న బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

జై భీమ్, నమో బుద్ధాయ.

నువ్వు, అల్లుడు బౌద్ధ దీక్ష తీసుకున్నరని తెలిసి నాకైన సంబురం ఇంతంత కాదు. నువ్వు అడిగినదానికి మాత్రం ఫోన్ల జవాబు చెప్తే సరిపోదనిపించింది. "పెద్దమ్మా, దగ్గర్ల విహారం లేదు, భిక్షువు భంతే కూడ లేడు, ఇంట్ల అత్తమ్మ రోజూ దేవునికాడ దీపం పెడుతది. ఇట్లుంటే మేము ధమ్మాన్ని ఎట్ల పాటించాలె?" అన్నవు. అందుకే కూసొని రాస్తున్న.

పొద్దుటి వందన ముచ్చట ముందు. పెద్ద విగ్రహం కొనకు. చిన్న బుద్ధుని బొమ్మ, పక్కన బాబాసాహెబ్ అంబేడ్కర్ ఫొటో చాలు. తానం చేసినంక ఒక అగరొత్తి, ఒక పువ్వు పెట్టి, 'నమో తస్స భగవతో అరహతో సమ్మా సంబుద్ధస్స' మూడుసార్లు, తర్వాత బుద్ధుడు, ధమ్మం, సంఘం శరణు అనే త్రిసరణం, ఐదు నియమాల పంచశీల. పది నిమిషాలు కూడ పట్టది. పాళీకి నోరు తిరగకపోతే తెలుగుల చెప్పుకో, తప్పేం లేదు. కాకపోతే గడగడ అప్పజెప్పకు. ఒక్కో శీలం కాడ ఆగి నిన్నటి దినం యాది చేసుకో. ఎవరితోనన్న అబద్ధమాడిన్నా, ఇయ్యని వస్తువు తీసుకున్ననా అని. తప్పినా శిక్షించేటోడు పైన ఎవడూ లేడు. తెల్లారి మళ్ల తీసుకునుడే.

పువ్వు పెట్టేటప్పుడు చెప్పే గాథల, ఈ పువ్వు వాడినట్టే నా దేహం కూడ నశిస్తదని ఉంటది. అందుకే నేను పువ్వును పొద్దుమీకి తీసెయ్య, వాడిందాక ఉంచుత, చూస్త. బంతి అయినా, గునుగు అయినా, తంగేడు అయినా ఒకటే.

బుద్ధుణ్ని మనం ఏదీ అడుగం. మొక్కు లేదు, ముడుపు లేదు. కొత్తల ఇదే అన్నిటికన్న కష్టం. పుట్టినకాడి నుంచి చేతులు జోడిస్తే ఏదో ఒకటి అడుగుడే నేర్చినం గద! పిల్లగానికి జ్వరమొస్తే దవాఖానకు తీస్కపో, ఆ రాత్రి నీ గుండె దడ తగ్గేటందుకు నీ ఊపిరిని చూసుకుంట కూసో. ఊపిరి చూసుడు పద్ధతిగ నేర్చుకోవాలంటే హైదరాబాద్‌ల నాగార్జునసాగర్ తొవ్వల ధమ్మఖేత్త అనే ధ్యాన కేంద్రం ఉంది. 10 దినాల విపశ్యన ధ్యానం, ఫీజు తీసుకోరు. పిల్లగాడు జర పెద్దగైనంక పో, తొందరేం లేదు.

ఇగ మీ అత్తమ్మ. బిడ్డా, ఆమెతోని కొట్లాట పెట్టుకోకు. ఆమె దీపం ఆమెది. మేడారం పోయి నిలువెత్తు బంగారం ఇస్తనంటే బెల్లం కొనిపెట్టు, బస్సు ఎక్కించు. దీక్షల బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలు చేసింది నువ్వు, ఆమె కాదు. నువ్వు మొక్కవు, అంతే. ఎందుకు మొక్కవని అడిగితే నెమ్మదిగ ఒక్క మాట చెప్పి ఊకో. బతుకమ్మ ఆడొచ్చునా అని కూడ అడిగినవు. వాడకట్టు ఆడోళ్లంత ఒక్కకాడ చేరి పాడుకునే పండుగ, ఆడు. దీని మీద మనోళ్లల్ల వేరే మాట చెప్పేటోళ్లున్నరు, నా మాట ఇది.

మెత్తగ ఉండకూడని జాగలు రెండున్నయి. ఒకటి కులం మాట. మీ ఇంటి గడప లోపల ఎవరన్న ఎవరి కులాన్నన్న తక్కువ చేసి మాట్లాడితే, సుట్టమైనా సరే, అక్కడికక్కడ ఆపు. బాబాసాహెబ్ మనల్ని తీస్కొచ్చిందే దీనికోసం.

రెండోది తాగుడు. మన దిక్కు ఐదో శీలం ఎంత కష్టమో ఊర్లె పుట్టిన నీకు చెప్పనక్కర లేదు. పెండ్లయినా, చావైనా, తొట్టెలయినా, దసరా అయినా సీసా లేంది దావత్ లేదు. "కల్లు చెట్టు మీదిది, అది మందే కాదు" అనేటోళ్లు ఉంటరు. ఐదో శీలం చెప్పేది మతి తప్పించే ప్రతి తాగుడు గురించి, కల్లుకు మినహాయింపు లేదు. అల్లుడు దావత్‌కు పోకుండ ఉంటే సుట్టరికం తెగుతది, అందుకని పోవాలె. పోయి అన్నం తినాలె, వడ్డించాలె, సోడానో మజ్జిగనో పట్టుకొని కూసోవాలె. "డాక్టర్ వద్దన్నడు" అని సాకు చెప్పొద్దు, అది అబద్ధమాడొద్దనే నాలుగో శీలం తప్పుడు. "దీక్ష తీసుకున్న, తాగ" అనాలె. మొదటి ఏడాది నవ్వుతరు, గుంజుతరు. తర్వాత వాళ్లే పక్కన కూసొని, మా పిల్లగాన్ని గూడ జర మాన్పియ్యరాదూ అని అడుగుతరు. నేను నా కండ్లతోని చూసిన ముచ్చట ఇది. మన వాడల్ల ఆడోళ్ల కన్నీళ్లు సగం ఈ ఒక్క శీలంతోని ఆగుతయి. అందుకే అల్లుడు జారినా నువ్వు అరువకు. తెల్లారి వందనకు పక్కన కూసోబెట్టుకో.

చావు వచ్చినప్పుడు ఏం చెయ్యాలెనో ముందే ఇంట్ల మాట్లాడుకోండ్రి, శవం ముందట పెట్టుకొని వాదులాడొద్దు. శ్రాద్ధం చెయ్యం, పిండం పెట్టం అని ప్రతిజ్ఞల్ల ఉంది. మనకు త్రిసరణం, పంచశీల, అన్నీ అనిత్యమే అని చెప్పే 'అనిచ్చా వత సంఖారా' గాథ ఉన్నయి, అటెన్క పోయినోళ్ల పేరున దానం. మూడొద్దుల నాడు పిట్టకు పెడుతమని పెద్దోళ్లు పట్టుబడితే వాళ్లను పెట్టుకోనియ్యి.

సర్టిఫికెట్ భయం పెట్టుకోకు. బౌద్ధం తీసుకున్నా ఎస్సీ హోదా పోకుండ 1990 సంవత్సరంల చట్టం మార్చిన్రు.

భంతే లేడని దిగులు పడ్డవు గద. సుత్తనిపాతం అనే పాళీ బౌద్ధ గ్రంథంల బావరి కథ ఉంది. మన గోదావరి ఒడ్డున ఉన్న ముసలాయన. బాదనకుర్తే ఆయన ఆశ్రమం జాగ అని మన దిక్కు చెప్తరు. తాను పోలేక 16 మంది శిష్యులను బుద్ధుని కాడికి తోలిండు. వాళ్లు మొక్కులు పట్టుకపోలే, ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న పట్టుకపోయిన్రు. అందుల పింగియుడు తిరిగొచ్చి బుద్ధుని గురించి చెప్తే, అసుంటాయనను ఇడిచిపెట్టి ఎట్ల ఉంటున్నవని బావరి అడిగిండు. నా పెయ్యి ముసలిదైంది, అక్కడికి పోలేదు, గని నా మనసు రాత్రి పగలు ఆయన కాడ్నే ఉంటది అన్నడు పింగియుడు. మన గడ్డ మీద ధమ్మం అట్ల ఇంటికాడ ఉండే మొదలైంది. నీకు అనుమానమొస్తే దాచుకోకు, అడుగు.

బుద్ధ పౌర్ణమికి అందరు కలిసి పెద్దపల్లి జిల్లా ధూళికట్ట స్థూపానికి పోండ్రి. అత్తమ్మను తీస్కపో. పుట్టల పాలు పోసే మనిషి గద, వానల తడవకుండ బుద్ధునికి పడగ పట్టిన ముచలింద నాగరాజు కథ చెప్పు. అక్కడి పలకల మీద ఆ నాగరాజును చెక్కిన్రు. ఆమె ఇంటది, చూడు.

దసరాకు నాగ్‌పూర్ దీక్షాభూమి పోదాం. 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నది కూడ విజయదశమి నాడే. ఇంట్ల యాట కూర, సీసాల నడుమ కూసునే బదులు ఆ దినం అక్కడుంటే మీ ఇద్దరికీ బలం. కాజీపేటల బండెక్కితే బల్లార్షా మీదుగ పోతది. ఆ దినాలల్ల బోగీల కాలు పెట్ట సందుండది, రిజర్వేషన్ ముందే చేయించుమని అల్లునికి చెప్పు. ఇద్దరికీ తెల్లబట్టలు, పిల్లగానికి స్వెట్టర్, దారిల తినేటందుకు సద్ది నువ్వు చూసుకో. టికెట్ పైసలు నేనిస్త.

మీ పెద్దమ్మ