ఈ మధ్య చూసిన సినిమాలు: సగం నా మాట, సగం మా అమ్మ మాట

ఈ మధ్య ఏ సినిమాలు చూశారు, ఎలా ఉన్నాయో రెండు ముక్కల్లో చెప్పమన్నారు. రెండు ముక్కల్లో చెప్పడం నావల్ల కాదు గానీ చెప్తాను. ఈ నెలన్నరలో నేను చూసినవన్నీ అమ్మ పక్కన కూర్చుని చూసినవే. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించడానికి నిజామాబాద్ దగ్గరి మా ఊరి నుంచి ఆమెను హైదరాబాద్ తీసుకొచ్చాను. కాబట్టి ఇందులో సగం నా అభిప్రాయాలు, సగం ఆమెవి. ఆమెవే నయం.

ఆపరేషన్‌కి ముందు ఒక ఆదివారం మల్టీప్లెక్స్‌కి తీసుకెళ్ళాను. పెద్ద హీరో సినిమా, పేరు ఎందుకులెండి. ఆ సౌండ్‌కి అమ్మ కొంగు చెవుల మీదికి లాక్కుని కూర్చుంది. ఇంటర్వెల్లో "మళ్ళ లోపటికి పోవాల్నా?" అని అడిగింది. పోలేదు. పాప్‌కార్న్ డబ్బులు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తున్నాయి.

ఆపరేషన్ అయ్యాక డాక్టర్ వారం రోజులు టీవీ చూడొద్దన్నాడు. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని "పొద్దు పోతలేదురా" అంటోంది. చూడొద్దన్నాడు గానీ వినొద్దనలేదు కదా అని 'మాయాబజార్' పెట్టాను. అమ్మ అటు గోడ వైపు తిరిగి కూర్చుని మూడు గంటల సినిమానూ వింది. నేను చూశాను. ఇద్దరం ఒకే సినిమాకి వెళ్ళినట్టు లేదు. పింగళి నాగేంద్రరావు రాసిన మాటలు ఎంత చిన్నగా, ఎంత నోటికి పట్టేలా ఉంటాయో బొమ్మ లేకుండా వింటే బాగా తెలుస్తుంది. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడి పాటలో, సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు వచ్చి పడగానే అమ్మ పకపకా నవ్వింది. అయిపోయాక ఒక ప్రశ్న వేసింది: "అంతా విన్నగాని ధర్మరాజు గొంతు ఇనపడలేదేందిరా?"

ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అభిమన్యుడున్నాడు, సుభద్ర ఉంది, పాండవులు మాత్రం ఒక్క సీన్లోనూ కనపడరు. చదివి తెలుసుకున్నానే తప్ప, చూస్తున్నంతసేపూ నాకెప్పుడూ ఆ లోటు తట్టలేదు. కళ్ళకి అద్దాలున్న మనిషి ఒక్కసారి విని పట్టేసింది.

వారం అయ్యాక మొదట చూసింది 'బలగం'. అమ్మకిది రెండోసారి. 2023లో మా ఊళ్ళో తెర కట్టి వేశారట, చాపలేసుకుని చూశారట. చనిపోయిన కొమురయ్యకి పెట్టిన ముద్ద పిట్ట ముట్టకపోవడం, ఎప్పుడో నల్లి బొక్క (మూలుగ ఉండే ఎముక) దగ్గర మొదలైన అలక ఇరవై ఏళ్ళు సాగడం. బయటివాళ్ళకి ఇది కామెడీగా అనిపిస్తుందేమో. మా వైపు దావత్‌లో బొక్క ఎవరి పళ్ళెంలో పడిందన్నది నిజంగా మర్యాద లెక్క. అల్లుడి పళ్ళెంలోకి రాకపోతే మాట పడ్డట్టే. వేణు యెల్దండి ఆ చిన్న విషయం మీద మొత్తం కథ నిలబెట్టాడు చూడండి, అక్కడ దండం పెట్టాలి. మధ్యలో ప్రియదర్శి పెళ్ళి గోల, అప్పుల గోల నాకు కొంచెం ఎక్కువైంది. చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు కథ ఎత్తుకోగానే ఆ లెక్కలన్నీ పోయాయి. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో పోయాడు. ఆ మాట చెప్తే అమ్మ కాసేపు టీవీ ఆపమంది. ఆ రాత్రి వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేసింది. ఏం మాట్లాడిందో నేను అడగలేదు.

తర్వాత 'మల్లేశం'. 2019లో వచ్చింది, అప్పుడు నేను పట్టించుకోలేదు, సిగ్గుగా ఉంది. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే అర్ధచంద్రంలా ఉన్న చట్రం మీద మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఉండాలి. ఒక చీరకి చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ కదలాలంటారు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. కథ అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది వేరే.

మా అమ్మ ముప్ఫై ఏళ్ళు బీడీలు చేసింది. ఒళ్ళో చాట, చాటలో తడి తునికాకు, పక్కన తంబాకు. ఆకు కత్తిరించు, తంబాకు పొయ్యి, చుట్టు, దారం కట్టు. రోజుకి వెయ్యి. తల్లి పాత్రలో ఝాన్సీ భుజం పట్టుకుని కూర్చున్న సీన్లో పక్కకి చూస్తే, అమ్మ ఎడమ చేత్తో కుడి బొటనవేలు నలుపుకుంటోంది. తనకే తెలియకుండా. నేను చూస్తున్నానని తెలిసి చెయ్యి తీసేసి "గామెకు భుజం, నాకు బొటనేలు" అంది, అంతే. నేను పాలిటెక్నిక్ చదివినవాణ్ణి. నాకు మాత్రం యంత్రం ఎక్కడ ఆగిపోయింది, ఏ భాగం మారిస్తే కదిలింది అన్నది ఇంకా దగ్గరగా చూపించి ఉంటే బాగుండేదనిపించింది. అమ్మకి అదేం అక్కర్లేదు. "కొడుకు చేసిండు గదా" అంది. నా వైపు చూడకుండానే అంది గానీ, నాకు తగిలింది.

'35 చిన్న కథ కాదు' దగ్గర పెద్ద కామెడీ జరిగింది. 'బలగం', 'మల్లేశం' రెండింట్లోనూ హీరోగా చూసిన ప్రియదర్శి ఇందులో మార్కుల్ని బట్టి పిల్లల్ని పిలిచే లెక్కల మాస్టారుగా వచ్చేసరికి అమ్మ నిజంగా బాధపడింది. "మంచి పిలగాడు గదరా, గిట్లెందుకైండు?" అని. నేను కావాలని ప్రియదర్శి సినిమాలు ఏరి పెట్టలేదు, అలా కలిసొచ్చాయి. తిరుపతిలో కథ. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని పిల్లాడు అడుగుతాడు. మాస్టారికి కోపం వస్తుంది గానీ జవాబు రాదు. టెన్త్ తప్పిన తల్లి మళ్ళీ లెక్కలు నేర్చుకుని కొడుక్కి చెప్తుంది. నివేదా థామస్ చాలా బాగా చేసింది. కొన్నిచోట్ల మరీ ముద్దుగా, నీట్‌గా ఉంది, ఇల్లు కూడా క్యాలెండర్ బొమ్మలా ఉంది. అది పక్కన పెడితే పిల్లలున్నవాళ్ళు తప్పకుండా చూడాలి. బడికి వెళ్ళని మా అమ్మ ఆ పిల్లాడి ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పింది: "కార్ఖానాల లెక్క రాసెటోడు ఒక్క సున్న మరిచిపోతే ఎరుకైతది దాని ఇలువ."

'కోర్ట్' (2025) చూస్తూ మాత్రం ఇద్దరం పోట్లాడుకున్నాం. 2013 నాటి విశాఖ, 19 ఏళ్ళ అబ్బాయి, 17 ఏళ్ళ అమ్మాయి, అబ్బాయి మీద పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు. అమ్మాయి ఇంట్లో పెత్తనం చేసే మంగపతిగా శివాజీ రెచ్చిపోయాడు. ఆయన కళ్ళు చూస్తేనే మన ఇంట్లో ఎవరో పెద్దాయన గుర్తొస్తాడు. సగం దాకా అమ్మ మంగపతి వైపే. "పిల్ల మీద భయముండదా?" అంటుంది. పాజ్ కొట్టి ఇరవై నిమిషాలు వాదించాను, ఓడిపోయాను. తీరా అబద్ధపు సాక్ష్యాలు, జైలు వచ్చేసరికి ఆమె మాట్లాడటం మానేసింది. అయిపోయాక "గా పోరని సదువు పాయె గదరా" అంది. నా ఫిర్యాదు ఒక్కటే: కేసంతా ఎవరి గురించో ఆ అమ్మాయి మాట ఇంకొంచెం ముందే, ఇంకొంచెం ఎక్కువ వినిపించాల్సింది.

'లక్కీ భాస్కర్' పెడితే అమ్మ నిద్రపోయింది. నాకు టైంపాస్. బ్యాంకు క్యాషియర్ తెలివితేటలు బాగున్నాయి, కానీ వాడికి ఏమైనా అవుతుందేమోనన్న టెన్షన్ ఒక్కసారి కూడా రాలేదు.

ఊరికి వెళ్ళే ముందు రోజు అమ్మ మళ్ళీ 'మాయాబజార్' అడిగింది, ఈసారి చూడటానికి. 1957 నాటి నలుపు తెలుపు ప్రింటే అసలు సినిమా, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెలకి రంగులెందుకు అని నేను ఏళ్ళ తరబడి అందరితో వాదిస్తున్నవాణ్ణి. అమ్మ రంగుల్లో కావాలంది. 2010లో రంగులద్దిన ప్రింటు పెట్టాను. కృష్ణుడు రాగానే కుర్చీ ముందుకి జరుపుకుంది. ఎడమ కన్ను మూసి చూసింది, తర్వాత కుడి కన్ను మూసి చూసింది, మళ్ళీ ఎడమది. "గీ కంటితోని సూస్తే అంత పసుపే ఉన్నదిరా. గీ కొత్త కంటితోని సూడు, నీలం ఎట్లున్నదో!" అంది. సావిత్రి మగవాడిలా నడుస్తుంటే కూడా కన్ను మార్చి మార్చి చూస్తూనే ఉంది. నలుపు తెలుపు గురించి నేను ఇంకేం మాట్లాడలేదు.

వచ్చే నెల ఎడమ కంటికి ఆపరేషన్. మళ్ళీ ఒక వారం విని గడపాలి. బొమ్మ లేకుండా మాటలతోనే నిలబడే పాత సినిమాలు మీకు తెలిస్తే పేర్లు చెప్పండి. ఫైట్లు లేకుంటే మంచిది.