ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పేదా గొప్పా తేడా ఉంటుందా?

"బీడీ తాగినవాడికి జబ్బు వస్తుంది, ఇందులో పేదా గొప్పా ఏముంది?" అని ఒకరు అడిగారు. ఉందండీ. జబ్బు రావడంలోనూ ఉంది, వచ్చాక బతకడంలోనూ ఉంది. రెండోది మా ఇంట్లోనే చూశాను.

మా చిన్నాయన అనంతపురం వైపు నుంచి బెంగళూరు వచ్చి జిగణిలో గ్రానైట్ పాలిష్ పనిలో కుదిరాడు. బీడీలు తాగేవాడు, నిజమే. ఈ జబ్బుకు పొగాకే అన్నిటికంటే పెద్ద కారణం, అందులో అనుమానం లేదు. కానీ ఆయన పీల్చింది బీడీ పొగ ఒక్కటే కాదు. రాయి కోస్తే లేచే సిలికా దుమ్ము క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే తేల్చింది. డీజిల్ పొగను 2012లో ఆ జాబితాలో చేర్చింది. దుమ్ములో పని, లారీలు తిరిగే రోడ్డు పక్కన రేకుల ఇల్లు, ఊళ్లో కట్టెల పొయ్యి, ఇవన్నీ ఒకే కుటుంబానికి వచ్చిపడతాయి. పొగ తాగే అలవాటు లెక్క సరిచేసి చూసినా, కూలి పనుల్లో ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువేనని యూరప్, కెనడా అధ్యయనాల్లో కనబడింది.

దగ్గు మొదలైతే దారిలో ఉన్న క్లినిక్‌లో సిరప్ రాయించుకున్నాడు. తగ్గలేదు. ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ అన్నారు. కఫంలో క్రిమి దొరక్కపోయినా మాత్రలు మొదలుపెట్టారు. మన దేశంలో టీబీ ఎక్కువ, ఎక్స్‌రేలో టీబీ, క్యాన్సర్ రెండూ ఒకేలా కనబడొచ్చు, కాబట్టి ముందు టీబీ అనుకోవడాన్ని నేను తప్పుపట్టను. మందు వేసుకుంటున్నా మనిషి చిక్కిపోతుంటే మళ్లీ చూడకపోవడమే కొంప ముంచింది. సీటీ స్కాన్‌కి ఒక రోజు కూలి పోవాలి, బయాప్సీకి (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఇంకో రోజు, రిపోర్టుకి మరో రోజు. పనికి రాకపోతే మేస్త్రీ వేరేవాణ్ణి పెట్టుకుంటాడని భయం. "వచ్చే వారం పోదాంలే" అంటూనే ఉన్నాడు. బెంగళూరులోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి కిద్వాయ్‌కి చేరేసరికి జబ్బు ఎముకల్లోకి దిగింది. ఆపరేషన్ మాటే లేదు.

మా ఆఫీసులో ఒక సార్‌కి, ఆయనా సిగరెట్లు తాగినవారే, కంపెనీ చేయించే చెకప్‌లో చిన్న గడ్డ బయటపడింది. అప్పటికి దగ్గు కూడా లేదు. తీసేశారు, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నారు. మా చిన్నాయన కంటే ఆయన జాగ్రత్తపరుడేం కాదు. సెలవు పెడితే జీతం తెగదు, అంతే. అమెరికా లెక్కల్లో, ఊపిరితిత్తి దాటకముందే దొరికినవాళ్లలో 60 శాతానికి పైగా ఐదేళ్లు బతుకుతున్నారు. దూరంగా పాకాక దొరికితే అది సుమారు 10 శాతం.

ఖర్చంతా ప్రభుత్వమే పెట్టుకునే దేశాల్లో కూడా పేదలకి ఆపరేషన్ అందడం తక్కువేనని 2013లో ఒక పెద్ద సమీక్ష చెప్పింది. అందుకే ఆరోగ్య కార్డు చేతికిస్తే పని అయిపోయిందంటే నేను ఒప్పుకోను.

మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు మూడు వారాలు దాటినా, కఫంలో రక్తం పడినా ఆగకండి. టీబీ అంటే కఫం పరీక్షలో క్రిమి దొరికిందా అని అడగండి, ప్రభుత్వ కేంద్రాల్లో అది ఉచితమే. మందులు సొంతంగా మానొద్దు, కానీ తగ్గకపోతే సీటీ కావాలని పట్టుబట్టండి. ఏళ్ల తరబడి ఏ పని చేశారో డాక్టరుకి చెప్పండి. బయాప్సీలో అడినోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం) అని వస్తే ఈజీఎఫ్ఆర్ పరీక్ష అడగండి, గడ్డలో ఆ జన్యువు మారిందేమో అది చెబుతుంది. ఆ మార్పు ఉన్నవాళ్లకి రోజూ వేసుకునే జెఫిటినిబ్ మాత్ర ఉంది, జెనరిక్‌లో ధర బాగా తగ్గింది. చిన్నాయనకి ఆ మార్పు లేదు, కీమోతోనే నెట్టుకొచ్చాం.

ఆధార్‌లో ఆంధ్రా అడ్రసు ఉంటే ఏ పథకం వర్తిస్తుందో ఆసుపత్రి కౌంటర్లో మొదటి రోజే కనుక్కోండి. మీకు సెలవు దొరికే ఉద్యోగం ఉంటే, క్యూలో నిలబడడం, రిపోర్టులు తేవడం మీ మీద వేసుకోండి. రోగికీ ఇంటావిడకీ ఆ రోజుల కూలి మిగులుతుంది, తర్వాతి పరీక్షకి వెనకాడరు.