టెస్టుల కోసం బ్యాండ్ క్లాసు మాన్పిస్తుంటే తల్లిదండ్రులు ఏం చేయవచ్చు?

అమెరికాలో ఐదో తరగతి చదివే మీ పాప ఈ ఏడాదే క్లారినెట్ మొదలుపెట్టిందని, స్టేట్ టెస్టుల పేరుతో వారానికి రెండు బ్యాండ్ క్లాసుల్లో ఒకటి మాన్పించి మ్యాథ్స్ ట్యూటరింగ్‌కి పంపుతున్నారని రాశారు. చట్టం దీన్ని ఆపదా అని అడిగారు.

ఫెడరల్ (కేంద్ర) చట్టం ఆపదు. 2002 జనవరిలో సంతకమైన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం 3 నుంచి 8 తరగతులకు ఏటా రీడింగ్, మ్యాథ్స్ పరీక్షలు తప్పనిసరి చేసింది. ఆర్ట్స్‌నీ ముఖ్య సబ్జెక్టుల్లో చేర్చింది గానీ దానికి పరీక్ష లేదు. మార్కులు తగ్గితే స్కూలు మీద చర్యలుంటాయి, సంగీతం తగ్గితే అడిగే నాథుడుండడు. 2015లో దాని స్థానంలో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం సంగీతాన్ని పేరుపెట్టి ప్రస్తావించింది, ఏటా పరీక్షల్ని మాత్రం అలాగే ఉంచింది.

అందుకే "మ్యూజిక్ ఉందా" అని అడిగితే ఉందనే చెబుతారు. 2009-10 నాటి ప్రభుత్వ సర్వేలో 94 శాతం పబ్లిక్ ఎలిమెంటరీ స్కూళ్లలో సంగీతం ఉందని తేలింది. టైమ్‌టేబుల్లో సబ్జెక్టు నిలుస్తుంది, కరిగిపోయేది నిమిషాలు. అదీ మార్కుల్లో వెనకబడ్డ పిల్లలకే ఎక్కువగా.

వారానికొక క్లాసేగా అనుకోవద్దు. క్లారినెట్‌లో మొదటి ఏడాది అసలు గండం బ్రేక్ దాటడం, అంటే కింది స్వరాల నుంచి పై స్వరాలకు మారడం. బ్రేక్‌కి కిందనుండే స్వరం "ఎ"కి వేళ్లు దాదాపు అన్నీ తెరిచే ఉంటాయి. పక్కనున్న "బి"కి రెండు చేతుల వేళ్లూ ఒక్కసారిగా రంధ్రాలు మూయాలి, రిజిస్టర్ కీ (స్వరాన్ని పైకి మార్చే మీట) నొక్కాలి. ఒక్క వేలి కింద సందున్నా కీచుమంటుంది. ఇది టీచర్ పక్కనుండి సరిచేయాల్సిన పని. ఆ వారాల్లో క్లాసు పోతే పిల్లలు కింది స్వరాల దగ్గరే ఆగిపోతారు, తోటివాళ్లు పై స్వరాలున్న పాటల్లోకి వెళ్లిపోతారు. చాలామంది వాయిద్యం వదిలేసేది అక్కడే.

ఇంట్లో ఆదివారం గంట కూర్చోబెట్టడం కన్నా రోజూ 10 నిమిషాలు మేలు. ముందు రెండు నిమిషాలు ఒకే స్వరం పొడవుగా ఊదించండి. తర్వాత కుడిచేతి వేళ్లు రంధ్రాల మీదే ఉంచి "ఎ" వాయించి, నెమ్మదిగా "బి"కి వెళ్లమనండి. కుడిచెయ్యి ముందే సిద్ధంగా ఉంటే సగం కష్టం తీరుతుంది.

స్కూలుకి, బ్యాండ్ టీచర్‌ని కూడా కలిపి, ఒకే ఈమెయిల్ రాయండి. ట్యూటరింగ్ ఏ తేదీతో ముగుస్తుంది? ఏ స్కోరు వస్తే క్లాసుకి తిరిగి పంపుతారు? ఈ రెండూ రాతపూర్వకంగా అడగండి. అవి లేకుండా మొదలైన ట్యూటరింగ్ ఏడాది చివరిదాకా సాగుతుంది. ప్రతివారం బ్యాండే కాకుండా వేర్వేరు పీరియడ్లు వంతులవారీగా తప్పించమనండి. బ్యాండ్ టీచర్లు దీనికి సాధారణంగా సంతోషంగా ఒప్పుకుంటారు. టెస్టు వారాల్లో వాళ్లనే ఇన్విజిలేటర్లుగా వేస్తే పోయే క్లాసులు ఎప్పుడు భర్తీ చేస్తారో కూడా అడగండి.

సంగీతం వల్ల మ్యాథ్స్ మార్కులు పెరుగుతాయని మాత్రం వాదించకండి. మార్కులు పెరగకపోతే సంగీతం తీసేయొచ్చని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

వచ్చే ఏడాది సంగతి వసంతంలోనే, బడ్జెట్ చర్చలప్పుడే స్కూల్ బోర్డులో ఎత్తండి. ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టంలోని టైటిల్ 4 పార్ట్ ఎ అనే నిధి కింద 30,000 డాలర్లు, ఆపైన అందుకునే స్కూల్ డిస్ట్రిక్ట్ అందులో కనీసం 20 శాతం సమగ్ర విద్యకు ఖర్చుపెట్టాలి. సంగీతం ఆ పద్దులోకి వస్తుంది. అందులో బ్యాండ్‌కి ఎంత ఇచ్చారో అడగండి.