అత్యవసర నిధి ఊడ్చేసి రోబో గ్లవ్ కొనాలా?

ప్రశ్న: నా వయసు 41. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. అయిదు వారాల కిందట నాన్నగారికి (68) పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి స్వాధీనంలో లేదు, మాట తడబడుతోంది. ఫిజియోథెరపిస్ట్ వారానికి మూడు రోజులు ఇంటికి వస్తున్నారు. రోబోటిక్ గ్లవ్, వ్యాయామాల యాప్‌తో ట్యాబ్, ఒంటికి పెట్టుకునే సెన్సర్లు కలిపి ఒక ప్యాకేజీ చూశాం. ధర మా ఇంటి ఏడు నెలల ఖర్చంత. నాలుగు నెలల ఖర్చుకు సరిపోయే ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాన్ని డౌన్‌పేమెంట్‌గా కట్టి, మిగతాది 24 నెలల వాయిదాల్లో తీసుకుందామనుకుంటున్నాను. అమ్మేవాళ్లు 12 శాతం ఫ్లాట్ వడ్డీ అంటున్నారు. అదా, పర్సనల్ లోనా, క్రెడిట్ కార్డు ఈఎంఐనా, ఏది మేలు?

జవాబు: మూడూ వద్దు. ఆ డిపాజిట్ జోలికి వెళ్లొద్దు, ఆ ప్యాకేజీ కొనొద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది కూడా ఇందుకే. ఇంట్లో పెద్ద జబ్బు రాగానే చాలామంది చేసే పొరపాటే మీరూ చేయబోతున్నారు. అత్యవసరం వచ్చేసింది, నిధి దాచుకున్నది దీనికోసమే కదా అనిపిస్తుంది. మీ ఇంట్లో అత్యవసరం వచ్చి వెళ్లిపోలేదండీ, మొదలై అయిదు వారాలే అయింది. మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి రావచ్చు, మీరు జీతం లేని సెలవు పెట్టాల్సి రావచ్చు, పగలు చూసుకునే మనిషిని పెట్టుకోవాల్సి రావచ్చు. అప్పుడు తీయడానికి చేతిలో ఏముంటుంది? గ్లవ్ ఉంటుంది. దాన్ని ఆసుపత్రి కౌంటర్‌లో తీసుకోరు.

మీరు పంపిన లెక్కలను జబ్బుకు ముందు నెల ఖర్చు 100 అనుకుని చూద్దాం. మీ చేతికొచ్చే జీతం 130. మందులు, థెరపిస్ట్ ఫీజు కలిసి ఇప్పుడు ఖర్చు 116కు చేరింది. నెలవారీ పెట్టుబడికి 6 పోతోంది. మిగిలేది 8. ప్యాకేజీ 700, అందులో మీ డిపాజిట్ 400 పోగా అప్పు 300. 12 శాతం ఫ్లాట్ అంటే అసలు తరుగుతున్నా మొత్తం 300 మీదే ఏటా 12 శాతం. 24 నెలలకు వడ్డీ 72, వాయిదా నెలకు 15.5. పెట్టుబడి పూర్తిగా ఆపేసినా మీ దగ్గర మిగిలేది 14. అంటే మొదటి నెల నుంచే 1.5 తక్కువ. ఆ తక్కువ క్రెడిట్ కార్డు మీదికి వెళ్తుంది. నెలకు 3 శాతం వడ్డీ వేసే కార్డు మీద బాకీ మోస్తే ఏడాదికి పడేది 42 శాతం పైమాటే. ఇక ఆ 12 శాతం ఫ్లాట్‌ను తరిగే అసలు మీద లెక్కిస్తే 21.5 శాతం. అమ్మే మనిషి ఈ అంకె చెప్పడు, మీరూ అడగలేదు.

ఇందులో ఇంకో తప్పు కూడా దాగి ఉంది. 'నాలుగు నెలల నిధి' అన్నది పాత ఖర్చు మీద వేసిన లెక్క. 400ని ఇప్పటి 116తో భాగిస్తే మూడున్నర నెలలు కూడా నిండవు. జబ్బు వచ్చిన ఇంట్లో నిధిని కొత్త ఖర్చుతోనే కొలవాలి. ఒక్క సంపాదన, మంచం పట్టిన పెద్దాయన ఉన్న ఇంటికి నా లెక్కలో 9 నెలలు ఉండాలి. ముందు 6 నెలలకు, అంటే 696కు చేర్చండి. నెలవారీ పెట్టుబడి ఆపి 14 మొత్తం ఇటు మళ్లించండి. పరికరం అద్దెకో, అదనపు సెషన్లకో నిధిలోంచి 24 తీసినా (అంతకు మించి పైసా వద్దు), 376 నుంచి 696కు చేరడానికి 23 నెలలు పడుతుంది. మీరు వాయిదాలు కట్టాలనుకున్న కాలం కంటే ఒక నెల తక్కువే.

ఆ నిధి ఎలా ఉంచుతారన్నది కూడా ముఖ్యమే. మొత్తం ఒకే డిపాజిట్‌లో ఉంటే చిన్న అవసరానికి కూడా అంతా విరగ్గొట్టాలి. ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగతాది మూడు డిపాజిట్లుగా చేయండి. ఖాతా మీ ఒక్కరి పేరు మీదే ఉందని రాశారు. రేపు మంచాన పడింది మీరే అయితే డబ్బు ఎవరు తీస్తారు? అమ్మగారి పేరు చేర్చి, ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా తీసుకునేలా మార్పించండి. ఈ వారంలోనే చేయాల్సిన పని ఇది.

సరే, పరికరం సంగతి. నాన్నగారికి ఏది నప్పుతుందో చెప్పాల్సింది న్యూరాలజిస్ట్, థెరపిస్ట్. నేను చూసేది పెట్టిన డబ్బుకు ఏమొస్తుందన్నదే. 2019లో 'ది లాన్సెట్' వైద్య పత్రికలో బ్రిటన్ పరిశోధన ఒకటి వచ్చింది. పక్షవాతంతో చెయ్యి దెబ్బతిన్న 770 మందిలో కొందరికి రోబోతో శిక్షణ ఇచ్చి చూశారు. మామూలు చికిత్సతో పోలిస్తే చేతి పనితీరులో అదనపు మెరుగుదల కనిపించలేదు. అది ఆసుపత్రిలో వాడే పెద్ద యంత్రం, మీరు చూసిన గ్లవ్ కాదు. అయినా 'రోబో' అన్న మాటకే ఏడు నెలల ఖర్చు పెట్టకూడదని అర్థం చేసుకోవడానికి అది చాలు. అదే ఏడాది 'జామా న్యూరాలజీ' అనే మరో వైద్య పత్రికలో అమెరికాలోని 11 కేంద్రాల్లో 124 మందిపై చేసిన అధ్యయనం వచ్చింది. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని 70 నిమిషాల చొప్పున 36 సెషన్లు చేసినవాళ్లు, థెరపిస్ట్ ఎదుట చేసే సెషన్లకు కేంద్రానికి వెళ్లినవాళ్లకు తీసిపోలేదు. ఆ 36లో 18 సెషన్లు థెరపిస్ట్ వీడియోలో చూస్తుండగా జరిగినవే. కాబట్టి ఇంట్లో టెక్నాలజీ పనికిరాదని నేననడం లేదు. ఫలితం వచ్చేది లెక్కగా చేసిన సాధన వల్ల, పైనుంచి చూసే మనిషి వల్ల. పక్షవాతం తర్వాత కోలుకునే వేగం మొదటి మూడు నెలల్లో ఎక్కువ, ఆ తర్వాత కూడా మెరుగుదల ఉంటుంది గానీ నెమ్మదిస్తుంది. ఆ మూడు నెలల్లో థెరపిస్ట్ గంటలకు డబ్బు చాలకుండా చేసే కొనుగోలు ఏదైనా నష్టమే. మీ థెరపిస్ట్ వారానికి రెండు వీడియో సెషన్లు అదనంగా చేస్తారేమో అడగండి. దానికి మీ ఫోను చాలు.

గ్లవ్ గురించి అమ్మేవాళ్లు చూపించే వీడియోలో చెయ్యి మెత్తగా తెరుచుకుని ఉంటుంది. పక్షవాతం వచ్చిన చేతి వేళ్లు తరచూ బిగిసి ముడుచుకుంటాయి. బొటనవేలు అరచేతిలో చిక్కుకుని ఉంటే, ముందు మణికట్టు కాస్త కిందికి వంచి, వేళ్లు వదులయ్యాక ఒక్కొక్కటే దాని గొట్టంలోకి ఎక్కించాలి. మీరు ఉద్యోగానికి వెళ్లాక రోజుకు రెండుసార్లు ఈ పని చేసేది అమ్మగారు. ఆవిడ చేయలేకపోతే మూడో వారానికి గ్లవ్ అల్మారాలో ఉంటుంది. బిగుతు ఎక్కువగా ఉంటే గ్లవ్‌లోకి గాలి పంపే చిన్న మోటారుకు వేళ్లు విప్పే సత్తా కూడా ఉండదు. పైగా గ్లవ్ దానంతటది వేళ్లు ఆడిస్తుంటే నాన్నగారు టీవీ చూస్తూ కూర్చోవచ్చు, అది సాధన కిందికి రాదు. కుడి చేతికి చేసింది ఎడమ చేతికి పట్టదు. చెమట పట్టిన గ్లవ్‌ను వెనక్కి కొనేవాళ్లు దొరకడం కష్టం. ప్యాకేజీలో కండరాలకు కరెంటు ఇచ్చే విభాగం ఉంటే దాని అంటుకునే ప్యాడ్లు కొన్ని వాడకాలకే పట్టు కోల్పోతాయి, మళ్లీ కొంటూ ఉండాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు డాక్టర్ ఒప్పుకోకుండా దాన్ని పెట్టనే కూడదు. యాప్ చందా రెండో ఏడాది నుంచి విడిగా కట్టాలని మీరే రాశారు. చందా ఆపితే ట్యాబ్‌లో ఏది పనిచేస్తుందో, ఏది ఆగిపోతుందో రాతపూర్వకంగా అడిగారా? మాట తడబడే మనిషికి తెర మీది సూచనలు చదివి అర్థం చేసుకోవడం కూడా కష్టం కావచ్చు. అది ముందే పరీక్షించి చూడాలి.

థెరపిస్ట్ 'పనికొస్తుంది' అంటే అద్దెకు తీసుకోండి, ఎనిమిది వారాలు, నిధిలోంచి తీయొచ్చని పైన చెప్పిన 24 లోపలే. అద్దె పత్రంలో మూడు విషయాలు చూడండి: డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, మరమ్మతు ఎవరి ఖర్చు, తర్వాత కొంటే కట్టిన అద్దెను ధరలో తగ్గిస్తారా.

అంతకంటే ముందు కొనాల్సినవి చవకవి. మరోసారి పక్షవాతం రాకుండా చూసుకోవడంలో రక్తపోటే అన్నిటికంటే పెద్ద పట్టు. మణికట్టుకు కట్టేది కాకుండా, పైచేతికి కట్టే డిజిటల్ బీపీ మిషన్ తీసుకోండి. చేతి చుట్టుకొలత టేపుతో కొలిచి దానికి తగిన పట్టీ ఎంచుకోండి. పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. బాగున్న చేతికే కట్టాలి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, ఒక నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున, సాయంత్రం చూసి, డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఏడు రోజుల అంకెలు రాసుకెళ్లండి. మెమరీ ఉన్న మిషనైతే చాలు, ఫోనుకు కలిసే రకానికి అదనంగా పెట్టక్కర్లేదు. బాత్రూంలో గోడకు పట్టుకునే కడ్డీలు వేయించండి. కింద పడి తుంటి విరిగితే అయ్యే ఖర్చు ముందు ఇవన్నీ చిల్లర.

మిగతావి గబగబా. నాన్నగారి ఆరోగ్య బీమాలో ఇంటి వద్ద చికిత్సకు, పరికరాల అద్దెకు ఏమైనా వస్తుందేమో పాలసీ పత్రం చదవండి, ఏజెంటు మాట మీద ఆధారపడొద్దు. మీకు టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) ఉందో లేదో రాయలేదు, లేకపోతే ఈ నెలే తీసుకోండి. రిటైర్మెంట్ నిధిలోంచి తీయడం కూడా వద్దు. 'సున్నా వడ్డీ' వాయిదా అని ఎవరైనా అంటే, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి. ఆ తగ్గింపే వడ్డీ.

'ఆఫర్ ఈ శనివారం వరకే' అన్నారని రాశారు. శనివారం పోనివ్వండి. అద్దెకు తెస్తే, ఏడో వారంలో థెరపిస్ట్‌తో చెయ్యి మళ్లీ పరీక్ష చేయించి, మొదటి వారం కొలతల పక్కన పెట్టి చూడండి. గ్లాసు పట్టుకోవడంలో, చొక్కా గుండీ పెట్టుకోవడంలో తేడా కనిపించకపోతే ఎనిమిదో వారం ముగియకముందే పరికరం తిరిగి ఇచ్చేయండి, ఆలస్యమైతే మరో నెల అద్దె పడుతుంది.