శనివారం షోరూంకి వెళ్ళే ముందు

బుజ్జమ్మా,

నువ్వు కొన్న సెకండ్ హ్యాండ్ కారు మళ్ళీ వేడెక్కి రోడ్డు మీద ఆగిపోయిందని, శనివారం నువ్వే వెళ్ళి డీలర్‌తో తేల్చుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మాట వినకపోతే వకీలు కూడా లేకుండా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తానన్నావట. ఫోన్ పెట్టేసి మీ పిన్నితో "మా అన్నయ్య కూతురంటే ఏమనుకున్నావ్" అని గొప్పలు పోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నా భయం డీలర్ గురించి కాదు. అదే కారులో అమ్మని శ్రీశైలం తీసుకెళ్తావని కూడా ఆవిడే చెప్పింది.

వెళ్ళకు. మన్ననూరు దాటితే అంతా అడవి, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, దోమలపెంట దాటాక ఘాట్. బస్సెక్కండి. ఊళ్ళో నడిపేటప్పుడైనా ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు వెళ్తే ఏసీ ఆపి, బండి పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్. పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత మీద చెయ్యి వేయకు. లోపల నీళ్ళు ఒత్తిడిలో ఉంటాయి కాబట్టి వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత తిప్పిన క్షణంలో ఆవిరై మొహానికి కొడతాయి. మా డిపోలో ఒక కుర్రాడు గుడ్డ చుట్టి తీశాడు. ఆసుపత్రికి వాణ్ణి జీపులో పట్టుకెళ్ళింది నేనే, ఇంకేమీ రాయను. నీకు ఇది వందసార్లు చెప్పినట్టనిపించినా సరే, విసుక్కోకు.

ఆర్సీ నీ పేరుకి మారిందా? ఇన్సూరెన్స్ మారిందా? ఈ రెండూ ఇవాళే చూసుకో.

ఇక కారు. నువ్వు వెళ్ళినప్పుడల్లా వాళ్ళు చేస్తున్నది నాకు ఇక్కడినుంచే కనిపిస్తోంది. తగ్గిన కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, నింపుతారు, స్కానర్ పెట్టి బోర్డు మీద లైటు ఆర్పేస్తారు, కడిగి తుడిచి ఇస్తారు. కూలెంట్ ఎక్కడికి పోతోందో ఎవరూ వెతకలేదు. కింద కారితే మరక కనబడాలి. కారకుండానే తగ్గుతోందంటే లోపల కాలిపోతోందేమో, అంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి, ఇంజన్ దిమ్మకీ దాని పైభాగమైన హెడ్డుకీ మధ్య ఉండే అట్ట అది. పొద్దున స్టార్ట్ చేశాక ఇంజన్ వేడెక్కినా పొగ గొట్టంలోంచి తెల్లపొగ ఆగకపోయినా, ఆయిల్ మూతకింద పాలు కలిపిన కాఫీలాంటి జిగురు కనిపించినా అనుమానం ఇంకా బలపడుతుంది. ఫ్యాన్, థర్మోస్టాట్, వాటర్ పంపు కూడా కావచ్చు. చూడకుండా నేను తీర్పు చెప్పను.

ఇప్పుడు నువ్వు పుట్టిన కొత్తలో జరిగిందొకటి చెప్తాను. చెప్పానని మీ నాన్నతో అనకు.

నాన్న కొట్టు సామాను తోలడానికి ఒక డీలర్ దగ్గర పాత వ్యాన్ కొన్నాడు. దానికీ ఇదే జబ్బు. నాన్న సంగతి తెలుసుగా, ఎవరైనా కుర్చీ వేసి టీ ఇస్తే ఇక గట్టిగా మాట్లాడలేడు. వెళ్ళేవాడు, "సార్, ఈసారి గ్యారంటీ" అనేవాళ్ళు, కాగితం మీద చూపించినచోట సంతకం పెట్టి వచ్చేవాడు. కొన్నాళ్ళకి గుడివాడ దారిలో, ఎండలో, సరుకుతో సహా బండి నిలిచిపోయింది. అప్పుడు కోపం వచ్చింది మనిషికి. అక్కడే ఒక షెడ్డుకి లాగించి ఇంజన్ విప్పించాడు. గ్యాస్కెట్ కాలింది, హెడ్డు వంగింది, ఆ హెడ్డు అంతకుముందే ఒకసారి విప్పి బిగించినట్టు గుర్తులున్నాయి. అంటే అమ్మినవాడికి తెలిసే ఉండాలి. నాన్న ఏం చేశాడు? వేలకి వేలు పోసి కొత్తది వేయించాడు, కాలిన గ్యాస్కెట్‌ని షెడ్డువాడు తుక్కులో పడేస్తుంటే చూస్తూ నిలబడ్డాడు, తర్వాత డబ్బులిమ్మని డీలర్ దగ్గరికి వెళ్ళాడు.

ఆరోజు నేను కూడా వెళ్ళాను. ఈసారి టీ లేదు. "బయట విప్పించారు కాబట్టి వారంటీ పోయింది. అసలు ఏం కాలిందో మాకు చూపించండి" అన్నారు. చూపించడానికేముంది? పాత జాబ్ కార్డులు, అంటే బండి ఇచ్చినప్పుడల్లా ఫిర్యాదు, పని రాసే కాగితాలు, తీసి చూస్తే ఒక్కదాంట్లోనూ వేడెక్కడం అనే మాటే లేదు, అన్నింట్లో 'జనరల్ చెకప్' అని రాసుంది. కింద సన్న అక్షరాల్లో పని తృప్తికరంగా జరిగింది, వేరే ఫిర్యాదు లేదు అని. దాని కింద నాన్న సంతకం, ముత్యాల్లాంటి అక్షరాలతో. వకీలు దగ్గరికి వెళ్తే ఆయన ఆ కార్డులు చూసి, ఫీజు కూడా తీసుకోకుండా పంపించేశాడు. వ్యాన్ నష్టానికి అమ్మాం. మీ అమ్మ గాజులు బ్యాంకులో ఎందుకన్నాళ్ళు ఉన్నాయో ఇప్పుడు నీకు తెలిసింది.

కాబట్టి తల్లీ, బయట ఎవరిచేతా ఇంజన్ విప్పించకు. శనివారం కారు వాళ్ళ దగ్గర వదిలేటప్పుడు జాబ్ కార్డులో నీ ఫిర్యాదు నీ మాటల్లోనే రాయించు: కూలెంట్ తగ్గుతోంది, ఇంజన్ వేడెక్కుతోంది, ఇంతకుముందు ఫలానా తేదీల్లో ఇదే చెప్పాను అని. కిలోమీటర్ల రీడింగ్ వేయించు. కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ టెస్ట్, కూలెంట్‌లోకి ఇంజన్ గ్యాస్ వస్తోందేమో తెలిపే టెస్ట్, రెండూ చేసి ఫలితం కాగితం మీద ఇమ్మను. తీసేసిన పార్టు ఏదైనా తిరిగి అడుగు. బండి తీసుకునేటప్పుడు సంతకం పక్కనే 'నడిపి చూశాక చెప్తాను' అని రాయి. రాయనివ్వకపోతే అక్కడినుంచే ఈమెయిల్ పెట్టు. ఫోన్ మాటలు వద్దు, కేకలు అసలే వద్దు. ఆ సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు జీతగాడు, వాణ్ణి తిట్టి లాభం లేదు. మేనేజర్‌కి రాయి.

మరొకటి విని ఒళ్ళు మండింది. నలభై వేలు నగదుగా ఇచ్చి, బిల్లులో ఆ మేరకు తక్కువ వేస్తే ఊరుకున్నావట! ఆఫీసులో అంతమంది జీతాల లెక్క చూసేదానివి, నీ డబ్బుకి రసీదు అడగలేదా? రేపు డబ్బు వాపసు ఇమ్మంటే బిల్లులో ఉన్నదే లెక్క అంటారు. సరేలే. సొంత సంపాదనతో కొన్న మొదటి కారు, తాళం చేతిలో పెడుతుంటే ఎవరికి గుర్తుంటుంది? ఆ ఫొటో మీ పిన్ని ఇంకా అందరికీ చూపిస్తూనే ఉంది. ఫలానా రోజున ఇచ్చిన నలభై వేలకి రసీదు పంపమని ఇప్పుడైనా మెసేజ్ పెట్టు. బ్యాంకులో డ్రా చేసిన వివరం తీసిపెట్టుకో.

కమిషన్ సంగతి నువ్వే చదువుకున్నావు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చెయ్యి, కొందరు అక్కడికే దిగివస్తారు. తర్వాత రాతపూర్వకంగా నోటీసు, అప్పుడు కేసు. 2019 చట్టం వచ్చాక నువ్వుండే చోటే వేయొచ్చు, నువ్వు చెల్లించినది అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. రెండేళ్ళ గడువు ఉంది కదా అని సాగదీయకు. మూడు నెలల్లో, టెస్టులు అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా పేషీలు సాగుతాయి, ఓపిక పట్టాలి. 'ఉన్నది ఉన్నట్టు కొన్నారు' అని వాళ్ళు వాదిస్తారు. నీకిచ్చిన వారంటీ కాగితం, అమ్మేముందు ఇంజన్ పరీక్షించామని ఇచ్చిన రిపోర్టు బయటపెట్టు. పాత బళ్ళు అమ్మేవాళ్ళకి ఆర్టీఏ అధికార పత్రం ఉండాలని 2023 నుంచి రూలు, అదీ చూపించమను.

శనివారం పొద్దున్నే వెళ్ళు. అక్కడ ఇంజన్ పూర్తిగా చల్లారాక వాళ్ళ ఎదుట స్టార్ట్ చెయ్యి, ఫోన్‌లో వీడియో తియ్యి. ఒక్కదానివే నడుపుకుంటూ వెళ్ళొద్దు, ముల్లు మామూలుగా ఉండే చోటు దాటి కాస్త కదిలినా ఆపేసి, బండిని లాగించుకెళ్ళమని వాళ్ళకే ఫోన్ చెయ్యి. జాబ్ కార్డు ఫొటో నాకు వాట్సాప్‌లో పంపు. సంతకం పెట్టకముందు పంపు, పెట్టాక కాదు. నేను ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉంటాను.

మీ బాబాయి